పీకావా, అమ్మడూ?

ఆ వీధిలో ఎవరైనా ఎవరినైనా "నువ్వేం పీకావు?" అని అడిగితే చొక్కాలు చిరుగుతాయి. ఒక్క మేస్త్రి ఇంట్లో మాత్రం అది కుశలప్రశ్న.

మేస్త్రి అంటే గోడలు కట్టే మేస్త్రి కాదు, వీడియోగేమ్ డబ్బాలు బాగుచేసే మేస్త్రి. టీవీ కింద పెట్టుకుని, గోడకు తీగ తగిలించి, ఇంటిల్లిపాదీ ఒకరి మీద ఒకరు పడుతూ ఆడుకునే పెట్టెలు ఉంటాయే, అవి. కంపెనీ వాళ్లు వాటిని కన్సోళ్లు అంటారు. ముప్ఫై ఏళ్లపాటు వాటి పొట్ట విప్పి మళ్లీ మూసినవాడు డబ్బా అన్నాడు కాబట్టి వీధంతా డబ్బా అనే అంది. దర్జీ కొట్టుకీ, తాళంచెవులు చేసే అతని బల్లకీ మధ్య ఇరుక్కున్న ఆ కొట్లో ఇద్దరు కూచుంటే మూడో మనిషి బయట నిలబడాలి. ఆ ఇద్దరూ మేస్త్రీ, ఆయన కూతురూ.

కూతురికి ఏడేళ్లప్పుడే పని నేర్పడం మొదలుపెట్టాడు. మొదటి పాఠం స్క్రూడ్రైవరు కాదు, తీగ. డబ్బా మీద చెయ్యి వెయ్యకముందు గోడలోంచి తీగ పీకాలి. పీకి ఇరవై లెక్కపెట్టాలి. అప్పటికి లోపల దాక్కున్న కరెంటు కూడా చచ్చి ఊరుకుంటుంది. "పీకావా, అమ్మడూ?" అని ఆయన అడగాలి, "పీకాను నాన్నా, చచ్చింది" అని ఆ పిల్ల చెప్పాలి. అది లేకుండా ఆ కొట్లో ఒక్క మూతా లేవలేదు. పోనుపోను ఆ మాట ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఇస్త్రీపెట్టె దగ్గర అదే, మిక్సీ దగ్గర అదే. కూతురికి ఒక సంబంధం ఖాయమైనంత పనై, ఆ అబ్బాయితో మూడు నెలలు ఫోన్లో మాట్లాడి మాట్లాడి, ఒకరోజు మధ్యాహ్నం ఫోను బల్లమీద బోర్లించి ఆమె బయటికొచ్చింది. తండ్రి ఆ మొహం చూసి "పీకావా?" అన్నాడు. "పీకాను" అంది. "అయితే ఇరవై లెక్కపెట్టుకో" అన్నాడు. అంతే. ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తల్లి కూడా ఎత్తలేదు, ఏ సంగతినైనా ఎత్తకుండా వదిలే మనిషి ఆవిడ కాకపోయినా.

అలాంటి తండ్రికి కూతురు మూడు నెలలుగా అబద్ధం చెబుతోంది.

డబ్బాలు రావడం మానేశాయి. ఒకప్పుడు కొట్టు గుమ్మం దాకా పేర్చి ఉండేవి, తర్వాత ఒక అరకి సరిపడా, తర్వాత ఒకటీ అరా. ఇప్పుడొచ్చేవన్నీ చేతిలో పట్టుకుని ఆడేవి. తెరా, మీటలూ, బ్యాటరీ అన్నీ బడిపిల్లల పలకంత దానిలోనే ఉంటాయి. అందుకే మేస్త్రి వాటికి పలకలని పేరు పెట్టాడు, ముద్దుకి కాదు, చులకనకి.

"తల వంచుకుని బొటనవేళ్లతో గోక్కోవడమేగా! పక్కన ఎవడున్నాడో చూడరు. అది ఆట కాదు బావా, దురద" అనేవాడు దర్జీతో.

"నీకేం బావా, గుంజకి కట్టేసిన గేదెని చూసుకుని మురిసిపోతావు. జనానికి వెంట తిరిగే కుక్కపిల్ల కావాలి" అనేవాడు దర్జీ, పళ్ల మధ్య సూది తియ్యకుండానే.

"కుక్కపిల్లయినా ఇంట్లో అందరిదీ. ఇది ఒక్కడిదే."

విడిభాగాలు పంపే కంపెనీ నుంచి ఉత్తరం కూడా వచ్చింది. ఈ ఏడాది దాటితే డబ్బాల సామాను ఇక రాదట. పలకలు బాగుచేయాలంటే వాళ్లు పెట్టే పరీక్ష పాసై కార్డు తెచ్చుకోవాలట. కార్డు లేని మనిషి పలక విప్పినట్టు తెలిస్తే ఆ కొట్టుకి సామాను ఆపేస్తారట. కూతురు పరీక్ష రాసింది, కార్డు తెచ్చుకుంది, దాన్ని సొరుగులో పాత చీటీల కింద దాచింది. తండ్రికి సగమే చెప్పింది. "పలకలు నేను చూసుకుంటాలే నాన్నా, నువ్వు డబ్బాలు చూడు" అంది. చూడ్డానికి డబ్బాలే లేవన్న రెండో సగం గొంతులోనే ఉండిపోయింది.

పని లేని రోజు ఆయన ఎలా ఉంటాడో ఆమె ఒకసారి చూసింది. స్క్రూలన్నీ డబ్బీలోంచి కుమ్మరించి, సైజుల వారీగా ఏరి, మళ్లీ కుమ్మరించి, మళ్లీ ఏరాడు. మధ్యాహ్నం క్యారియర్ మూత తియ్యలేదు. "ఇవాళ ఏ వారం?" అని రెండుసార్లు అడిగాడు. ఆ సాయంత్రమే ఆమె అటకెక్కి, ఎవరూ తీసుకుపోని మూడు పాత డబ్బాలు దింపింది. మర్నాడు ఒకదానికి చీటీ అంటించి, "డ్రైవరుగారిది నాన్నా, ఫ్యాను తిరగట్లేదట" అంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "పీకావా?" అన్నాడు. అంతే, మనిషి లేచి కూచున్నాడు.

అప్పటినుంచీ అదే వరస. ఆయన బాగుచేస్తాడు. ఆమె "వాళ్లొచ్చి తీసుకెళ్లారు" అంటుంది. ఆయన కొట్టుకొచ్చేది పదింటికి. ఎనిమిదింటికే ఆమె వచ్చి, షట్టరు సగం దాకా ఎత్తి, అదే డబ్బాని మళ్లీ పాడుచేస్తుంది. బాగుచేయడానికి నేర్చుకున్న చేతులతో పాడుచేయడం ఎంత కష్టమో చెప్పలేం. ఒకసారి ఫ్యూజు, ఒకసారి ఫ్యాను తీగ, ఒకసారి లోపల పిడికెడు దుమ్ము. మూత లోపల ఆయన పెన్సిల్‌తో పెట్టే చిన్న టిక్కు గుర్తుని రబ్బరుతో చెరిపేది. పైమూతలు ఒకదానిది ఇంకోదానికి మార్చేది. ఇంత అబద్ధం మధ్యలోనూ ముందు తీగ పీకి, ఇరవై లెక్కపెట్టి, "చచ్చింది నాన్నా" అని నోట్లో అనుకుని గానీ చెయ్యి పెట్టేది కాదు.

అన్నీ చెరిపింది గానీ ఒక్కటి మరిచింది. మరవడం కూడా కాదు, అది ఆమె కంటికి ఆనలేదు. మేస్త్రి లోపలి తీగలన్నిటినీ ఒక కట్టగా చేసి దారంతో ముడి వేస్తాడు. దారం దర్జీ దగ్గర తెచ్చుకుంటాడు, ఆ రోజు మిషనులో ఏ రంగుంటే ఆ రంగు. కూతురూ అలాగే వేస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్న ముడి కాబట్టి, అదొక గుర్తు అవుతుందని ఆమెకి తట్టనే లేదు.

ఒక మంగళవారం పొద్దున, మేస్త్రి దర్జీతో టీకి వెళ్లిన సమయంలో ఆసుపత్రి నుంచి సిస్టరమ్మ వచ్చింది. కిడ్నీ వార్డులో నర్సు. చున్నీలో చుట్టిన పలకని పసిపిల్లని దింపినట్టు బల్లమీద దింపింది.

"బొమ్మని నడిపే ఎడమ పుల్ల ఒరిగిపోయిందక్కా. బొమ్మ ఒకవైపే నడుస్తోంది."

"మీరు ఆడతారా సిస్టర్?"

"నాకు తీరికెక్కడిది! మా వార్డులో వాళ్లది. వారానికి మూడుసార్లు వస్తారు, నాలుగేసి గంటలు రక్తం కడిగే యంత్రానికి కట్టేసినట్టు పడుకోవాలి. ఒక చెయ్యి కదపకూడదు. రెండో చెయ్యి ఖాళీయేగా! ఊరు కట్టే ఆట ఇది. తలా ఒక ఇల్లు కట్టుకున్నారు. ఒకరి వంతవగానే పక్కమంచానికి అందిస్తారు. వంతుల కోసం ఏం కొట్లాటనుకున్నారు!" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపింది. "ఆటని దాచుకోవాలంటే ఊరి చివర గుమ్మం దాకా నడవాలి. పుల్ల ఒరిగినప్పట్నుంచీ ఆ వైపుకి నడవట్లేదు. అందుకే ఇరవై రోజులుగా పూర్తిగా ఆపెయ్యకుండా, తెర మాత్రం ఆర్పి పడుకోబెట్టే ఉంచాం. బ్యాటరీ అయిపోకుండా చూడండక్కా. నిద్ర చెడకూడదు."

కూతురు దానికి ఛార్జరు తగిలించి, చీటీ మీద పెద్ద అక్షరాలతో "నిద్రలో ఉంది" అని రాసి అంటించింది. సిస్టరమ్మ వెళ్లిపోయింది.

మేస్త్రి టీ తాగి వచ్చి ఆ రోజు డబ్బా ముందేసుకున్నాడు. ఎదురువీధి గుమస్తాగారిదని కూతురు చెప్పింది. మూత తీశాడు. కాసేపు స్క్రూడ్రైవరు చప్పుడు లేదు. ఆమె తలెత్తి చూసేసరికి, ఆయన పట్టకారుతో తీగలకట్టకున్న దారాన్ని పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. ఆకుపచ్చ దారం.

"బావా!" అని గోడ మీద తట్టాడు. "ఆకుపచ్చ దారంతో నువ్వు కుట్టిందెప్పుడు?"

"బడి యూనిఫారాలప్పుడు!" అని గోడవతల నుంచి కేక. "రెండు వందల లంగాలు! మళ్లీ ఆ దారం ముట్టుకుంటే ఒట్టు. ఆ రంగు చూస్తేనే కడుపులో తిప్పుతుంది. ఏం, లంగా కుట్టించుకుంటావా?"

మేస్త్రి కూతురి వైపు తిరిగాడు.

"గుమస్తాగారు మన కొట్టుకి రావడం ఇదే మొదలన్నావు కదా?"

"అవును నాన్నా."

"ఈ ముడి నాది. యూనిఫారాలప్పుడు నేను వేసింది. అప్పుడిది డ్రైవరుగారిదన్నావు."

ఇంకో అబద్ధం నోటి చివరే ఉంది. డ్రైవరుగారు గుమస్తాగారికి అమ్మేశారేమో అంటే సరిపోయేది. ఆయన దారాన్ని మెల్లగా వదిలాడు.

"దీన్ని నువ్వే పాడుచేశావా?"

ఆమె తలూపింది.

"పాడుచేసే ముందు తీగ పీకావా, అమ్మడూ?"

"పీకాను నాన్నా."

"మంచిది" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. డబ్బా విసిరికొట్టినా బాగుండేది. ఆ "మంచిది" ఆమె ఒంట్లో ఎక్కడ గుచ్చుకుందో ఆమెకే తెలియలేదు. "పార్సిలొచ్చింది, తెచ్చుకుంటాను" అని చెప్పులు వేసుకుని బయటపడింది. పార్సిలొచ్చిన మాట నిజమే. ఆ నిమిషమే తెచ్చుకోవాలన్నది మాత్రం నిజం కాదు.

మేస్త్రి ఒక్కడే మిగిలాడు. ముందు కూతురు పాడుచేసిన డబ్బా. పక్కన సిస్టరమ్మ పలక. ముప్ఫై ఏళ్ల పనివాడికి కూతురు ఆటబొమ్మలిచ్చి కూచోబెట్టిందన్న మాట. ఆ మాట ఆయన చెవుల్లో మోగుతూ ఉంటే చెయ్యి పలక మీదికి పోయింది. చీటీ చదివాడు. "నిద్రలో ఉండడానికి ఇదేమైనా చంటిపిల్లా?" అని పైకే అన్నాడట, దర్జీకి వినపడింది. తెర నల్లగా ఉంది. గోడకు తీగ ఉంది. ఆయన పీకాడు. పీకి లెక్కపెట్టాడు. తర్వాత విప్పాడు.

అంత లావు వేళ్లతో, బియ్యపు నూకంతేసి స్క్రూలు ఒక్కటి కూడా కింద పడకుండా తీశాడంటే, పనివాడే. కానీ డబ్బా పనివాడు. డబ్బాకి ప్రాణం గోడలో ఉంటుంది, పలకకి పొట్టలో ఉంటుంది. పుల్లకి అడ్డంగా ఉన్న నల్లటి రేకు లాంటిదాన్ని తొలగిద్దామని స్క్రూడ్రైవరు కిందికి దోపి పైకి లేపాడు. అది బ్యాటరీ. బుస్సుమంది.

కూతురు పార్సిలుతో వచ్చేసరికి కొట్టు ముందు జనం, లోపల తెల్లటి పొగ, గొంతు పట్టేసే కంపు. దర్జీ ఇస్త్రీ బొగ్గులు ఆర్పడానికి పెట్టుకున్న ఇసుక బకెట్ బల్లమీద బోర్లించి ఉంది. తాళంచెవుల అతను అందర్నీ వెనక్కి నెడుతున్నాడు. మేస్త్రి గుమ్మంలో నిలబడి, కుడిచెయ్యి నీళ్లచెంబులో ముంచి, కూతురి వైపు చూశాడు. దెబ్బలు పడబోయే బడిపిల్లాడి చూపు అది.

"పీకాను, అమ్మడూ" అన్నాడు. "ఇరవై కాదు, నలభై లెక్కపెట్టాను."

ఇసుకలోంచి తీస్తే మిగిలింది ఒక కరిగిన ముద్ద. దాచిన ఆటా, దాచని ఆటా ఏదీ లేదు.

ఇంట్లో తల్లి అరచేతికి మందు రాసి కట్టు కట్టింది, కట్టినంతసేపూ తిట్టింది. "వేలు పెట్టొద్దన్నదాంట్లో వేలు పెట్టకపోతే ఈ మనిషికి పొద్దుపోదు! రేపు ఆ సిస్టరమ్మ వస్తే అమ్మాయి మాట్లాడుతుంది. నా చెయ్యే జారిందంటుంది. కార్డున్న మనిషి చెయ్యి జారితే పొరపాటు, లేని మనిషి చెయ్యి జారితే కొట్టు పోతుంది. మీరు ఒక్కరోజు నోటికి కూడా తీగ పీకేసి కూచోండి."

ఆయన సరేనన్నాడు. కార్డు ఒకటుందని ఆయనకి తెలిసింది అప్పుడే. కూతురి వైపు చూశాడు.

మర్నాడు సిస్టరమ్మ వచ్చింది. కూతురు నేర్చుకున్న పాఠం మొదలుపెట్టింది. "సిస్టర్, నా చెయ్యి..." అనేలోపు వెనకనుంచి కట్టుకట్టిన చెయ్యి పైకి లేచింది.

"చెయ్యి నాది తల్లీ. నేనే విప్పాను. చచ్చిందనుకున్నాను. అమ్మాయి రాసిపెట్టింది, నేనే లెక్కచెయ్యలేదు."

సిస్టరమ్మ ఆ ముద్దని చూసింది. కూచోడానికి స్టూలు లేక అక్కడే గుమ్మానికి ఆనుకుంది. అరవలేదు.

"కొత్తది తెప్పించి ఇస్తాం" అంది కూతురు.

"పలక వస్తుందక్కా, తెలుసు. మూడో మంచం మామ్మగారు ఆరు నెలల్నుంచి ఒకే తోట వేస్తున్నారు. కిటికీ పక్క మంచం ఆయన ఊరి మధ్యలో దీపం పెట్టారు. ఆయన..." అని ఆగింది. "ఆయన ఇప్పుడు రావట్లేదు. ఆ దీపం మాత్రం రోజూ సాయంత్రం ఆటలో దానంతటదే వెలిగేది. ఎవరి వంతైనా సరే, వెలిగే టైముకి అందరికీ చూపించేవాళ్లు."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నా దగ్గర డబ్బాలున్నాయి తల్లీ, మూడు. టీవీ కూడా తెస్తాను. నేనే వచ్చి బిగిస్తాను. అందరూ కలిసి ఒకే తెర మీద..."

"ఎక్కడ తగిలిస్తారండీ? మా వార్డులో ఉన్న ప్లగ్గులన్నీ యంత్రాలకే" అంది సిస్టరమ్మ, చాలా మామూలుగా. తర్వాత అంది, "నేను ఎవరికీ ఫిర్యాదు రాయను. కానీ వాళ్లకి ఈ మాట నేను చెప్పలేను. మీరొచ్చి చెప్పండి."

గురువారం తండ్రీ కూతురూ వెళ్లారు. పొడుగాటి గది, రెండు వరసల మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక యంత్రం గురగురమంటూ. ప్రతి యంత్రం నుంచీ ఒక లావు తీగ గోడలోకి. మేస్త్రి చూపు తన అలవాటు ప్రకారం ముందు గోడ మీదికే పోయింది. తీగలన్నీ వరసగా లెక్కపెట్టాడు. లెక్క పూర్తవగానే రెండు చేతులూ, కట్టున్నదీ లేనిదీ, జేబుల్లో పెట్టేసుకున్నాడు. అక్కడున్నంతసేపూ బయటికి తియ్యలేదు.

"మీ ఆట నా చేతుల్లో పోయింది" అన్నాడు.

"నా తోట పోయిందా?" అంది మూడో మంచం మామ్మ.

"పోయిందమ్మా."

"కంచె వేద్దామనుకున్నా ఈ వారం. వేసి ఉంటే ఇంకా ఏడ్చేదాన్ని" అంది. పక్కమంచం ఆమె, "నీ తోట నా ఇంట్లోకి వచ్చేస్తోందని నేను మొత్తుకుంటూనే ఉన్నాగా, ఇప్పుడు తీరింది" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. చివరి మంచం ఆయన మాత్రం నవ్వలేదు. గోడవైపు తిరిగిపోయాడు. కిటికీ పక్క మంచంలో కొత్త మనిషి పడుకుని ఉన్నాడు. ఏ ఊరు పోయిందో, ఏ దీపం పోయిందో ఆయనకి తెలియదు. అందరి మొహాలూ చూస్తున్నాడు.

మెట్లు దిగుతూ మేస్త్రి అన్నాడు, "ఒక్కడిదే అనుకున్నాను అమ్మడూ."

"ఏది నాన్నా?"

బస్సెక్కాక, "ఆ మూడు డబ్బాలూ ఇక పాడుచెయ్యకు" అన్నాడు. "పని లేకపోతే లేదని చెప్పు. చెబితే చచ్చిపోతానా?"

మర్నాడు కూతురు ఎనిమిదింటికే వచ్చింది, అలవాటు కొద్దీ. షట్టరు పూర్తిగా ఎత్తింది. డబ్బాలు మూడూ అటక మీద పెట్టింది. సొరుగులోంచి కార్డు తీసి గోడకి మేకు కొట్టి తగిలించింది. పదింటికి మేస్త్రి వచ్చాడు. దోవలో దర్జీ మిషను దగ్గర ఆగి, రోజూలాగే ఒక బారెడు దారం తెంపుకుని వచ్చాడు. ఆ రోజు ఎర్రది. తన కుర్చీలో కూచున్నాడు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. ఎదురుగా బల్ల ఖాళీ.

ఆమె మూడు నెలలుగా మింగుతున్న మాట అది. ఎంత చిన్న మాటో.

"నాన్నా, ఇవాళ నీకు పనేం లేదు."

"సరే" అన్నాడు.

ఆమె తన వైపు పలక ఒకటి తీసి మూత మీద చెయ్యి వేసింది. "పీకావా, అమ్మడూ?" అన్నాడాయన. అనేశాక తన మాట తనకే వినపడి తలదించుకున్నాడు.

"దీనికి పీకడానికేం లేదు నాన్నా. మూత తీశాక లోపల బ్యాటరీ అతుకు విడదీయాలి. అంతే."

"మరి చచ్చిందని ఎలా తెలుస్తుంది?"

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ఆమె దానికి సరైన జవాబే రాసింది. ఇప్పుడు చెప్పబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. తన స్టూలు కొంచెం పక్కకి జరిపింది, కావాలంటే చూడొచ్చన్నట్టు. ఆయన కుర్చీ కదపలేదు గానీ మెడ చాచి చూశాడు. మూత లేచింది. లోపల ఒక్క తీగా లేదు, అన్నీ కాగితంలా పల్చటి పట్టీలు. ఎవరూ కట్టాల్సిన పనిలేకుండా అతుక్కుని ఉన్నాయి.

ఆయన ఎర్రదారాన్ని ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు, లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ. ఇరవై దాటినా ఆపలేదు.